డబ్బా పేరు కాదు, మందు పేరు అడగండి

యూనానీ మందులు అమ్మే ఏ షాపులోనైనా ఒక గంటసేపు నిలబడి చూడండి. వచ్చేవారిలో చాలామంది మందు పేరు చెప్పరు. "ఆ పచ్చ డబ్బా ఇవ్వండి" అంటారు. "మా అమ్మీ వాడేది, మూత ఎర్రగా ఉంటుంది" అంటారు. "ఫలానా కంపెనీదే కావాలి, వేరేది వద్దు" అంటారు. ఆ డబ్బా లేదని షాపతను చెబితే మందే లేదనుకుని వెనక్కి వెళ్ళిపోతారు. అదే మందు, అదే నుస్ఖా ప్రకారం తయారైనది, పక్క అరలో వేరే కంపెనీ పేరుతో తక్కువ ధరకు ఉంటుంది. దాన్ని అడిగేవారు ఉండరు.

మన కుటుంబాల్లో ఈ అలవాటు మరీ ఎక్కువ. తాతల కాలంలోనే కర్నాటకకో, తమిళనాడుకో, ఒడిశాకో, మహారాష్ట్రకో వచ్చి స్థిరపడ్డాం. ఇంట్లో తెలుగు, వీధిలో ఆ ఊరి భాష, హకీం సాబ్ చీటీ మీద ఉర్దూ. ఈ మూడింటి మధ్య మందు అసలు పేరు ఎక్కడో జారిపోయింది. హకీం రాసిన ఉర్దూ లిపి కోడలికి చదవడం రాదు. షాపులో కుర్రాడికి తమిళమో కన్నడమో తప్ప రాదు. అందరికీ అర్థమయ్యేది ఒక్కటే, డబ్బా రంగు, దాని మీద కంపెనీ గుర్తు. బ్రాండు గెలిచింది మందు గొప్పదని కాదు, చదవగలిగింది అదొక్కటే కావడం వల్ల. ఇక చార్మినార్ దగ్గర కొన్న డబ్బా అయితే చెప్పనక్కర్లేదు. పెళ్ళికో, బంధువుల పరామర్శకో హైదరాబాద్ వెళ్ళేవారి చేతికి చీటీ ఇచ్చి ఆరేసి డబ్బాలు తెప్పించుకునే ఇళ్ళు మన పాఠకుల్లో ఎన్నో ఉన్నాయి.

ఆ నమ్మకాన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. కానీ దానికి మనం ఎంత చెల్లిస్తున్నామో, డబ్బు రూపంలోనే కాదు ఆరోగ్యం రూపంలో కూడా ఎంత చెల్లిస్తున్నామో ఒకసారి లెక్క చూసుకోవాలి.

మోకాళ్ళ నొప్పులకు మాజూన్ సురంజాన్, అరుగుదలకు జవారిష్ కమూనీ, తరచూ పట్టే నజ్‌లాకు ఇత్రీఫల్ ఉస్తూఖుద్దూస్. అరవై దాటిన మనిషి ఇంట్లో ఉంటే వీటిలో ఒకటో రెండో ఎప్పుడూ అలమారాలో ఉంటాయి. వాటి పక్కనే షుగరు బిళ్ళలు, బీపీ బిళ్ళలు. నెల మొదటి వారంలో నిండు చెంచా తీసుకుంటారు. మూడో వారానికి చెంచా సగమవుతుంది. చివరి వారంలో "ఇవాళ్టికి వద్దులే, నొప్పి తక్కువగానే ఉంది" అన్న మాట వినిపిస్తుంది. ఆ తర్వాత హకీం దగ్గరికి వచ్చి మందు పనిచేయడం లేదంటారు. సగం మోతాదు తీసుకుని పూర్తి గుణం కావాలంటే ఏ మందు మాత్రం ఏం చేస్తుంది?

పెద్దవాళ్ళు ఈ సంగతి కొడుకులతో, కోడళ్ళతో చెప్పరు. మీరే కనిపెట్టాలి. చిన్న లెక్క ఉంది. రోజుకు 10 గ్రాములు తీసుకోమని హకీం చెప్పిన మాజూన్ 125 గ్రాముల డబ్బా అయితే పన్నెండు రోజులకు అయిపోవాలి. మీ ఇంట్లో అది ఇరవై అయిదు రోజులు వస్తోందంటే అబ్బా పొదుపు చేస్తున్నారని అర్థం. ఇంటి ఖర్చు గురించి మాట్లాడవలసింది అక్కడ.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇంగ్లీషు మందుల్లో జనరిక్ అన్న మాట ఈ మధ్య అందరి నోటా వినబడుతోంది. యూనానీలో అలాంటిది లేదని చాలామంది అనుకుంటారు. నిజానికి యూనానీ మందుల్లో సింహభాగం పుట్టుకతోనే జనరిక్. వాటి పేర్లు ఏ కంపెనీ పెట్టినవీ కావు. వందల ఏళ్ళుగా ఖరాబాదీన్‌లలో, అంటే నుస్ఖాల గ్రంథాలలో ఉన్న పేర్లు. జవారిష్ కమూనీ అంటే కమూన్, అంటే జీలకర్ర, ప్రధానంగా ఉన్న జవారిష్. అందులో శొంఠి, మిరియాలు, సదాపాకు మొదలైనవి ఉంటాయి. ఢిల్లీలో చేసినా, చెన్నైలో చేసినా నుస్ఖా అదే. ఇత్రీఫల్ అన్న మాటయితే మన త్రిఫల నుంచే వెళ్ళింది. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. ఊరి ఆచారి గారి దగ్గర దొరికే వాటి పేరే అరబ్బు దేశాలు తిరిగి ఇత్రీఫల్ అయి మన అలమారాలోకి వచ్చింది. ఇంతటి పాత పేరును ఏ కంపెనీ మాత్రం తన సొంతం అనగలదు?

చట్టం కూడా ఇదే మాట చెబుతుంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మటిక్స్ చట్టం ప్రకారం యూనానీ మందులు రెండు రకాలు. మొదటివి చట్టం గుర్తించిన గ్రంథాలలోని నుస్ఖా ప్రకారమే తయారయ్యేవి. ఖరాబాదీన్ ఆజమ్, ఖరాబాదీన్ ఖాదిరీ, బయాజ్ కబీర్ వంటి గ్రంథాల పేర్లు చట్టం షెడ్యూలులోనే ఉన్నాయి. ప్రభుత్వం ప్రచురించిన నేషనల్ ఫార్ములరీ ఆఫ్ యూనానీ మెడిసిన్ మొదటి భాగం 1981లో వచ్చింది. తర్వాత మరికొన్ని భాగాలు వచ్చాయి. రెండో రకం పేటెంట్ లేక ప్రొప్రైటరీ మందులు. వీటిలో వాడే మూలికలు ఆ గ్రంథాల్లోవే అయినా కలిపిన పాళ్ళు కంపెనీ సొంతం, పేరు కూడా కంపెనీదే. సాఫీ, సింకారా వంటివి ఈ రకం. వాటిలో మంచివి ఉండవచ్చు. కానీ వాటికి సరిగ్గా సమానమైన మరో మందు దొరకదు కాబట్టి వాటి విషయంలో ధర పోల్చుకునే వీలు లేదు. మొదటి రకానికి ఆ వీలు పూర్తిగా ఉంది. ఉండి కూడా వాడుకోవడం లేదన్నదే నా బాధ.

రూహ్ అఫ్జా సంగతి అడుగుతారని తెలుసు. అది షర్బత్. దాని రుచి దానిదే. రంజాన్‌లో ఇఫ్తార్ దగ్గర అదే కావాలనుకుంటే నిక్షేపంగా కొనుక్కోండి. కానీ దాన్ని మందు ఖర్చులో రాయకండి.

ధర పోల్చేటప్పుడు డబ్బా ధర చూడకండి, గ్రాము ధర చూడండి. లెక్క తెలియడానికి కొన్ని అంకెలు అనుకుందాం. ఒక కంపెనీ మాజూన్ 125 గ్రాములు 150 రూపాయలు. మరో కంపెనీది 250 గ్రాములు 200 రూపాయలు. చేతికి మొదటిదే చౌకగా కనిపిస్తుంది. గ్రాముకు చూస్తే మొదటిది రూపాయి ఇరవై పైసలు, రెండోది ఎనభై పైసలు. రోజుకు 10 గ్రాముల చొప్పున నెలకు 300 గ్రాములు. 360 రూపాయలకు బదులు 240 రూపాయలతో సరిపోతుంది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు వాడితే ఏడాదికి 2,880 రూపాయలు తేడా. ఇవి నేను అనుకున్న అంకెలే. మీ ఇంటి డబ్బాల మీది అంకెలతో మీరే వేసి చూసుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గ్రంథం పేరున్న మందు కొనడం వేరు, పేరే లేని మందు కొనడం వేరు. జనరిక్ అంటే చౌక మందు అన్న అర్థం మన వీధుల్లో పాకిపోయింది. సంతలో పరుపు పరిచి అమ్మేవాడి పొడి, "మా తాతల నాటి రహస్యం" అంటూ ఇచ్చే పుడియా, ఏ చీటీ అంటించని సీసాలో పోసిచ్చే లేహ్యం, ఇవేవీ జనరిక్ కావు. జనరిక్ మందుకు అందరికీ తెలిసిన పేరు ఉంటుంది. పుడియాకు ఉండదు. కీళ్ళనొప్పులకు, ఉబ్బసానికి అమ్మే ఇటువంటి పొడుల్లో స్టెరాయిడ్ బిళ్ళలు నూరి కలిపిన సంఘటనలు మన దేశంలో ఎన్నోసార్లు బయటపడ్డాయి. వేసుకున్న రెండో రోజుకే నొప్పి మాయమవుతుంది. "అబ్బ, ఏం మందు!" అనిపిస్తుంది. నెలలు గడిచాక ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి పొడి ఏదైనా నెలల తరబడి వాడుతున్నవారు ఉంటే మీ అంతట మీరు ఆపేయకుండా, ఆ పొట్లం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మా వృత్తివారికి కూడా ఒక మాట. రోగికి మీ దవాఖానాలోనే మందు కలిపి ఇస్తే ఇవ్వండి. దాని పేరు చీటీ మీద రాయడానికి అభ్యంతరం ఏమిటి? పేరు రాస్తే రోగి మరో చోట కొనుక్కుంటాడన్న భయమా? కొనుక్కోనివ్వండి. కంపెనీ పేరు మాత్రం పెద్ద అక్షరాలతో రాసి మందు పేరు రాయని చీటీలు కూడా చూస్తున్నాను. రోగికి చదవడం వచ్చిన లిపిలో, మందు పూర్తి పేరు, మోతాదు రాసివ్వడం వైద్యుడి పని. పాఠకులారా, రాయకపోతే మీరే అడగండి. "హకీం సాబ్, పేరు తెలుగులో చెప్పండి, నేను రాసుకుంటాను" అనడం బేఅదబీ కాదు.

పూర్తి పేరు అని ఎందుకు అంటున్నానంటే, యూనానీలో తోక పేరులోనే అసలు సంగతి ఉంటుంది. ఖమీరా గావ్‌జబాన్ ఉందనుకోండి. సాదా ఒకటి, అంబరీ ఒకటి, అంబరీ జవాహర్‌వాలా మరొకటి. మూడూ వేర్వేరు నుస్ఖాలు. అంబర్ చేరితే ధర పెరుగుతుంది, జవాహరాలు చేరితే ఇంకా పెరుగుతుంది. ఇక్కడ ధరలో తేడా బ్రాండు వల్ల వచ్చింది కాదు, లోపలి సరుకు వల్ల వచ్చింది. హకీం సాదా రాస్తే షాపులో జవాహర్‌వాలా కొని డబ్బు పారబోసుకునేవారు ఉన్నారు. హకీం జవాహర్‌వాలా రాస్తే సాదా కొని "చౌకగా వచ్చింది" అని సంతోషించేవారూ ఉన్నారు. రెండూ నష్టమే. ముందు పేరు చివరిదాకా ఒకటేనా చూసుకుని, ఆ తర్వాతే ఒక కంపెనీ ధరతో మరో కంపెనీ ధర పోల్చాలి.

డబ్బా చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలి? యూనానీ మందు అని ఉండాలి. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, తయారీదారు చిరునామా ఉండాలి. లోపల ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నాయో ఉండాలి. ఏ గ్రంథం ప్రకారం చేశారో కూడా ఉండాలి. చట్టం గుర్తించిన మందుకు ఇవన్నీ తప్పనిసరి. రెండు కంపెనీల డబ్బాలు పక్కపక్కన పెట్టి చూస్తే, గ్రంథం పేరు ఒకటే, పదార్థాలు ఒకటే అయితే మీరు నిశ్చింతగా తక్కువ ధరది ఎంచుకోవచ్చు. చిన్న కంపెనీ అయినా లైసెన్సు ఉన్నదానికి షెడ్యూల్ టి పేరిట తయారీ నియమాలు పెద్ద కంపెనీకి ఉన్నవే ఉంటాయి.

అన్ని కంపెనీల సరుకూ ఒకే నాణ్యత అని నేను చెప్పడం లేదు. మూలిక ఏ నేలలో పెరిగింది, ఎప్పుడు కోశారు, ఎంత శుభ్రం చేశారు అన్నదాన్ని బట్టి మందు మారుతుంది. కానీ ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన మంచి మూలిక వస్తుందన్న పూచీ లేదు. ధరలో డబ్బా అందం ఉంది, టీవీ ప్రకటన ఉంది, పంపిణీదారుడి లాభం ఉంది. ప్రకటనల మీద ఆధారపడని తయారీదారులు కూడా ఉన్నారు. దేశీ వైద్యులే సభ్యులుగా 1944లో మద్రాసులో ఏర్పడిన సహకార సంస్థ ఇంప్‌కాప్స్ ఆయుర్వేదం, సిద్ధతోపాటు యూనానీ మందులు కూడా చేస్తుంది. తమిళనాడు ప్రభుత్వ సంస్థ టాంప్‌కాల్ కూడా చేస్తుంది. చెన్నై వైపు ఉన్న పాఠకులు హైదరాబాద్ నుంచి డబ్బాలు మోయించుకునే ముందు ఇవి ఒకసారి చూడవచ్చు.

చౌక వెతకకూడని మందులు కూడా ఉన్నాయి. కుంకుమపువ్వు, అంబర్ చేరిన ఖమీరాలు మరీ చౌకగా దొరికాయంటే సంతోషించకండి, అనుమానించండి. కుంకుమపువ్వు పేరుతో రంగు వేసిన కుసుమపూల రేకులు, మొక్కజొన్న పీచు అమ్మే బజారు ఇది. నిజమైన కుంకుమపువ్వు ధర తెలిసినవారెవరూ ఆ ధరకు అది చేయలేరని మీకే అర్థమవుతుంది. కుష్తాల విషయం ఇంకా ముఖ్యం. అవి లోహాలు, ఖనిజాలు భస్మం చేసి తయారుచేసేవి. సరిగ్గా తయారు కాకపోతే విషం. హకీం రాయనిదే, లైసెన్సు నంబరు లేనిదే కుష్తా ఇంటికి తేవద్దు. అందులో పది రూపాయలు మిగుల్చుకోవాలని చూడవద్దు.

ఇక విడి మూలికలు. అసలు పొదుపంతా ఇక్కడే ఉంది. తమిళనాడులో నాట్టు మరుందు కడ అంటారు, కర్నాటకలో గ్రంథిగె అంగడి అంటారు, మన పెద్దవాళ్ళు అత్తారు దుకాణం అనేవారు. పేరు ఏదైనా అక్కడ దొరికే సరుకు ఒకటే. ఇసబ్‌గోల్ పొట్టునే తీసుకోండి. దేశంలోని ఇసబ్‌గోల్‌లో పెద్ద భాగం గుజరాత్ ఉంఝా మార్కెట్ ద్వారా, సిద్ధ్‌పూర్ మిల్లుల ద్వారా వస్తుంది. బత్తాయి రుచి కలిపి, రంగు వేసి, పొడి చేసి అందమైన డబ్బాలో పోసినా మలబద్ధకానికి పనిచేసేది ఆ పొట్టే. రుచి కలిపిన వాటిలో చక్కెర ఉంటే షుగరు వారికి అదనపు నష్టం. సాదా పొట్టు కొనండి. ఒక పెద్ద గ్లాసు నీళ్ళతో వెంటనే తాగండి. ఎండు పొట్టు నోట్లో వేసుకుని మింగితే గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది. ఇది ఏ కంపెనీదానికైనా వర్తిస్తుంది.

జోషాందా మరో ఉదాహరణ. చలికాలం వస్తే జలుబుకు, గొంతునొప్పికి వేడినీళ్ళలో కలుపుకునే పొట్లాలు కొంటాం. జోషాందా అంటే కషాయం, అంతే. ఉన్నాబ్ అంటే రేగు జాతి పండు, సపిస్తాన్ అంటే మన విరిగి పండు, అతిమధురం, ఖత్మీ గింజలు, గావ్‌జబాన్. ఇవి కలిపి రాత్రి నానవేసి ఉదయం మరిగించి వడగడితే జోషాందా. అత్తారు దుకాణంలో "ఇంటికి అయిదు రోజుల జోషాందా కట్టివ్వు" అంటే కట్టిస్తారు. వెంటనే కరిగే పొట్లాలలో చాలావాటిలో చక్కెర ఉంటుంది. వాటి ధరలో కొంత ఆ చక్కెరదే. ప్రయాణాల్లో పొట్లం సౌకర్యం, కాదనను. ఇంట్లో పొయ్యి ఉన్నప్పుడు దాని అవసరం ఏముంది?

విడిగా కొనేటప్పుడు కళ్ళు, ముక్కు వాడాలి. పురుగు పట్టినవి, బూజు వాసన వచ్చేవి, ఏళ్ళ తరబడి గోనెలో ఉన్నవి తీసుకోకండి. వంటింట్లో తెలిసిన సరుకు, అంటే సోంపు, వాము, ధనియాలు, ఉసిరి, కరక్కాయ, మీరే ఎంచుకోవచ్చు. తెలియని మూలిక మాత్రం దుకాణదారు మాట మీద కొనకండి. సురంజాన్‌లో తీపిది, చేదుది అని రెండున్నాయి. మాజూన్‌లో వాడేది తీపిది. చేదుది విషం. ఎండిన గడ్డలు చూసి తేడా చెప్పడం అందరివల్లా కాదు. అటువంటివి ఉన్న మందు తయారై వచ్చిన డబ్బాలోనే కొనాలి.

బాదం నూనె గురించి ఉత్తరాలు వస్తుంటాయి కాబట్టి రెండు మాటలు. రోగన్ బాదామ్ షీరీన్ అంటే తీపి బాదం గింజల నుంచి తీసిన నూనె మాత్రమే. తలకు రాసుకునే బాదం హెయిర్ ఆయిల్ పేరుతో వచ్చే సీసాలు తిప్పి పదార్థాలు చదవండి. మొదటి పేరు మినరల్ ఆయిల్ అయితే అది తాగడానికి పనికిరాదు. ఎంత చౌకైనా, ఎంత పేరున్నదైనా పిల్లలకు పాలలో వేయకండి.

ఇప్పటిదాకా యూనానీ గురించే చెప్పాను. నిజం చెప్పాలంటే మన ఇళ్ళలో మందుల ఖర్చులో పెద్ద భాగం షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ బిళ్ళలదే. వీటిని మానేసి యూనానీకి మారమని నేను ఎప్పుడూ చెప్పను. వాటి ఖర్చు తగ్గించుకోమని చెబుతాను. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్, అటార్వాస్టాటిన్, ఇవి మందుల పేర్లు. పట్టీ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు, అసలు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన దేశంలో ఒకే మందును పదుల కంపెనీలు పదుల పేర్లతో అమ్ముతాయి. 2008లో మొదలైన జన ఔషధి కేంద్రాలు 2025 నాటికి దేశంలో 15 వేలు దాటాయి. అక్కడ మందు అసలు పేరుతోనే, బ్రాండు ధరలో సగానికంటే తక్కువకు దొరుకుతుంది. తమిళనాడు ప్రభుత్వం 2025 ఫిబ్రవరి 24న ముదల్వర్ మరుందగం పేరుతో వెయ్యి దుకాణాలు తెరిచింది.

అయితే ఒక చిక్కు ఉంది. డాక్టరు బ్రాండు పేరు రాస్తే, షెడ్యూల్ హెచ్ మందుల విషయంలో షాపతను తనంతట తాను మరో కంపెనీది ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. డాక్టర్లు అసలు పేరే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చింది. అభ్యంతరాలు రావడంతో అదే నెలలో నిలిపివేసింది. కాబట్టి అడగవలసింది షాపులో కాదు, డాక్టరు గదిలో. "సార్, మందు అసలు పేరు కూడా రాయండి, జన ఔషధిలో కొనుక్కుంటాం" అనండి. చాలామంది రాస్తారు. థైరాయిడ్ బిళ్ళలు, మూర్ఛ మందులు, రక్తం పలచన చేసే వార్ఫరిన్ వాడేవారు మాత్రం డాక్టరుకు చెప్పకుండా కంపెనీ మార్చకండి. ఆ మందుల్లో మోతాదు రవ్వంత అటూ ఇటూ అయినా తేడా తెలుస్తుంది.

మరో జాగ్రత్త. మాజూన్, ఖమీరా, జవారిష్, షర్బత్ ఇవన్నీ చక్కెర పాకంలోనో తేనెలోనో చేసేవి. కంపెనీ మారినంత మాత్రాన అది మారదు. షుగరు ఉన్నవారు హకీంతో ముందే చెప్పి అదే పనికి సఫూఫ్, అంటే చూర్ణం, లేదా ఖుర్స్, హబ్ రూపంలో, అంటే బిళ్ళలుగా ఉన్న మందు రాయించుకోండి. వాటి ధర కూడా తరచు తక్కువే.

కొనడానికి ముందు ఉచితంగా దొరికే చోటు చూడటం మరిచిపోతున్నాం. బెంగళూరు మాగడి రోడ్డులో జాతీయ యూనానీ వైద్య సంస్థ ఆసుపత్రి ఉంది. చెన్నై రాయపురంలో, ఒడిశాలోని భద్రక్‌లో, ముంబయిలో ప్రాంతీయ యూనానీ పరిశోధన సంస్థలు ఉన్నాయి. బొల్లి వంటి చర్మవ్యాధులకు హైదరాబాద్ ఎర్రగడ్డలోని సంస్థకు దూరదూరాల నుంచి వస్తారు. ఎలాగూ హైదరాబాద్ వెళ్ళేవారు డబ్బాలు తెచ్చే బదులు రోగిని ఒకసారి అక్కడ చూపించి రావచ్చు. మీ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆయుష్ విభాగం ఉంటే యూనానీ వైద్యుడు వస్తారా, ఏ రోజు వస్తారు అని కనుక్కోండి. సాదా డబ్బాలో, సాదా కాగితం అంటించి ఇచ్చే ఆ మందును "సర్కారు మందు" అని పక్కన పడేయకండి. మీద రాసిన పేరు చదవండి. మీరు షాపులో కొంటున్నదే అయి ఉండవచ్చు.

యానాం, రాయగడ వంటి ఊళ్ళలో యూనానీ షాపు దగ్గరలో లేదని రాస్తున్నవారికి ఒక సూచన. ఒకే బస్తీలో నాలుగిళ్ళవారు కలిసి, హకీం చీటీలోని పూర్తి పేర్లు ఒక కాగితం మీద రాసి, దగ్గరి పట్నం వెళ్ళేవారితో ఒకేసారి తెప్పించుకోండి. పెద్ద డబ్బా తెచ్చి పంచుకోవాలనుకుంటే కడిగి బాగా ఆరిన గాజు సీసాల్లోకి మార్చండి. ప్రతి సీసా మీద మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ తెలుగులో రాసి అంటించండి. తడి చెంచా పెట్టకండి, మాజూన్‌కు వారంలో బూజు పడుతుంది. ఇంటి పెద్దవాళ్ళకు పాత డబ్బా, కొత్త డబ్బా పక్కపక్కన పెట్టి, మందు అదే, డబ్బా మాత్రమే మారిందని చూపించి చెప్పండి. లేకపోతే రెండూ వేర్వేరు మందులనుకుని పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటారు.